సుక్క తన పిల్లను కాదన్న రోజు

ముప్ఫై నాలుగేళ్ళు గుంతకల్లు స్టేషన్లో టికెట్ల కౌంటర్ వెనక కూర్చున్నదాన్ని నేను. ఊళ్ళకు జనాన్ని పంపడమే తప్ప నేను పోయింది తక్కువ. పోయినప్పుడు మాత్రం కిటికీ పక్క సీటు ఎవరికీ ఇచ్చేదాన్ని కాదు. గుత్తి దాటాక మిట్టమధ్యాహ్నం చేలల్లో గొర్రెల మందలు కనిపించేవి. అవి మేసేవీ కావు, పడుకునేవీ కావు. గుండ్రంగా గుంపు కట్టి, ఒకదాని పొట్ట కింద ఇంకొకటి తల దూర్చి, మొహాలే లేనట్టు నిలబడి ఉండేవి. వంద గొర్రెలుంటే ఒక్క తలకాయ కనిపించదు. చుట్టూ ఎర్రనేల, పైన తెల్లటి ఎండ, మధ్యలో కదలని ఆ ఉన్ని ముద్ద. చూస్తుండగానే రైలు దాటిపోయేది. ఎందుకట్లా నిలబడతాయని ఎవర్ని అడిగినా "గొర్రెలు కదా" అనేవారు. అదీ ఒక జవాబేనా? రిటైరయ్యాక నేను కాశీకి పోతానని మా ఇంట్లో అందరూ అనుకున్నారు. నేను గొర్రెల్ని చూడటానికి కదిరి పోయాను.

మా స్టేషన్లో ట్రాక్‌మన్‌గా పనిచేసిన ఓబులేసుకు ఒక చెల్లెలుంది, గంగమ్మ. కదిరి అవతల ఒక పల్లెలో ఆమె, ఆమె భర్త నాగప్ప గొర్రెల్ని కాస్తారు. ఓబులేసు ఫోన్ చేసి చెప్పి, నన్ను రమ్మనిపించాడు. ఆ ఊరి పేరు మాత్రం రాయవద్దని గంగమ్మ నా దగ్గర మాట తీసుకుంది. ఎందుకో చదువుతూ పోతే మీకే తెలుస్తుంది.

మార్చి నెల మొదట్లో ఒక మంగళవారం, పొద్దున ఆరుంబావుకి రైలెక్కాను. నాకు పాసు ఉంది కానీ, లేనివాళ్ళకు కూడా ప్యాసింజర్ టికెట్టు పెద్ద బరువేమీ కాదు. ప్లాట్‌ఫాం మీద ఉగ్గాణి, రెండు మిరపకాయ బజ్జీలు పొట్లం కట్టించుకుని రైల్లోనే తిన్నాను. ఉగ్గాణి చల్లారకముందే తినాలి, చల్లారితే బొరుగులు సాగుతాయి. తెలతెలవారుతుంటే గుట్టల మీద గాలిమరలు నిద్రలో చేతులు ఊపుతున్నట్టు తిరుగుతున్నాయి. వాటి కింద వరసగా పడి ఉన్న బండరాళ్ళు, ఎండిన చెరువులు, ఒకచోట నీళ్ళున్నట్టు మెరిసి దగ్గరికి రాగానే మాయమైన నేల. ఆ దారిలో మెలకువగా ఉన్నానో, కునుకు తీస్తున్నానో నాకే తెలియలేదు.

అనంతపురంలో ఒక చేనేత పెద్దమనిషి ఎక్కి నా ఎదుట కూర్చున్నాడు. ధర్మవరంలో దిగుతాడట. నేను ఎక్కడికి, ఎందుకు పోతున్నానో చెబితే కాసేపు నా మొహం చూసి, "గొర్రెల్ని సూడనీక రైలెక్కినారా? గుంతకల్లులో లేవా అమ్మా గొర్రెలు?" అన్నాడు. తర్వాత ఆయనే మెత్తబడి తన చిన్నతనం చెప్పుకొచ్చాడు. వాళ్ళమ్మ ఇంట్లో పట్టుపురుగులు పెంచేదట. తట్టల్లో ఆకు వేస్తే వేల పురుగులు ఒక్కసారి తినడం మొదలుపెట్టేవి. ఆ చప్పుడు అచ్చం వాన పడుతున్నట్టే ఉండేది. వానే లేని ఊళ్ళో పిల్లలందరూ ఆ వాన వింటూ నిద్రపోయేవాళ్ళట. దిగేటప్పుడు, "మీరు పోయేది మంచి పనే లేమ్మా" అని చెప్పి చీరల మూట ఎత్తుకుని పోయాడు.

పదిన్నర దాటాక కదిరిలో దిగాను. రాత్రి ఉండాలనుకునేవాళ్ళకు గుడి చుట్టుపక్కల గదులు దొరుకుతాయి, ముందుగా అడిగి పెట్టుకోవడం మంచిది. బస్టాండులో మల్లెపూల తట్ట పెట్టుకున్న ఆమెను పల్లె బస్సు సంగతి అడిగితే బస్సుతో పాటు కండక్టర్ గుణం కూడా చెప్పింది. పదకొండు ఇరవైకి బస్సు కదిలింది. ముప్పావు గంట తర్వాత పల్లె దారి చీలే ఒక క్రాస్ రోడ్డు దగ్గర దించారు. నాగప్ప అక్కడ భుజాన గొంగడి, చేతిలో కర్రతో నిలబడి ఉన్నాడు. చెరుకు కర్రలాగా సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. నా సంచీ అడక్కుండానే తీసుకుని ముందు నడిచాడు. ఒక మైలుంటుంది. గొడుగు తీసుకుపోండి, నాలాగా మరిచిపోకండి. ఆ మైలు నడిచేసరికి ఎండకు నా తల పగిలిపోసాగింది. సంచీలోంచి తలనొప్పి మందు డబ్బా తీసి నుదుటికి, కణతలకు దండిగా రాసుకున్నాను. ఈ మందు సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి, దీంతోనే నా తప్పు మొదలైంది.

మంద శెనక్కాయ తీసేసిన చేనులో ఉంది. నేను ఇన్నేళ్ళూ కిటికీలోంచి చూసిన ఆ ముద్దే, ఇప్పుడు నా ముందు పది అడుగుల దూరంలో ఊపిరి తీస్తోంది. తల ఎక్కడుందో, తోక ఎక్కడుందో తెలియదు. ఉండుండి ఒక తోక అల్లాడుతుంది, ఒక కాలు నేలను తడుతుంది. తుమ్మచెట్టు కింద కూర్చుని ఎంతసేపు చూశానో చెప్పలేను. ఎండకు కళ్ళు మసకబారి, ఆ గుంపంతా ఒకటే పెద్ద జంతువై మెల్లగా శ్వాసిస్తున్నట్టు అనిపించింది. నాకు చాలా హాయిగా ఉండింది. అరవై రెండేళ్ళకు ఒక పని అనుకుని చేసినట్టుంది.

ఎందుకట్లా నిలబడతాయని నాగప్పను అడిగాను. ఆయన నవ్వలేదు. తలకాయకు నీడ దొరికితే గొర్రెకు చాలట, ఒళ్ళు ఎండలో ఉన్నా ఉన్ని కాపాడుతుందట. పక్కదాని పొట్టే దానికి చెట్టు. ఇంకో కారణం ఈగ. ముక్కులోకి దూరి పురుగు పెట్టే ఈగ ఒకటి ఈ ఎండలోనే తిరుగుతుందట. అందుకే ముక్కులన్నీ నేలకు ఆనించి దాచుకుంటాయట. మందలో నాలుగు మేకలు కూడా ఉన్నాయి. అవెందుకని అడిగితే, కొత్త దారి కనిపిస్తే గొర్రె నిలబడిపోతుందని, మేక ముందు పోతే దాని వెనకే నడుస్తుందని చెప్పాడు.

అంతలో గంగమ్మ వచ్చింది. నలభై దాటిన మనిషి, ఎండకు నల్లబడిన గట్టి చేతులు. నన్ను పలకరించి నేరుగా ఒక గొర్రె దగ్గరికి తీసుకుపోయింది. గుంపులో చేరకుండా విడిగా, నేలను కాలితో గీరుతూ తిరుగుతోంది అది. నల్ల మొహం, నుదుటి మీద తెల్ల మచ్చ. దాని పేరు సుక్క. మందలో తక్కినవన్నీ నాగప్పవి, ఆయన అన్నదమ్ములవి. సుక్క ఒక్కటే గంగమ్మది. పుట్టింటి నుంచి వాళ్ళమ్మ ఇచ్చింది. వాళ్ళలో కట్టుబాటు ఏమిటంటే, అట్లా వచ్చిన గొర్రెకు పుట్టే ఆడపిల్లలు, వాటి పిల్లలు అన్నీ ఆ ఆడమనిషివే. ఎవరూ చేయి పెట్టరు. కానీ సుక్క మొదటి ఈతలో పొట్టేలు పుట్టి సంతకు పోయింది. రెండో ఈతలో ఆడపిల్ల పుట్టి వారానికే చచ్చిపోయింది. ఇది మూడో ఈత. సుక్కకు పళ్ళు అరుగుతున్నాయి, నాలుగో ఈత ఉంటుందో లేదో చెప్పలేం అంది.

"ఇది ఆడపిల్లను ఈనితే నాకంటూ ఒక మంద మొదలైతాది అక్కా. లేకుంటే నేను వీళ్ళ మంద కాసేదాన్నే," అంది గంగమ్మ. కోపంగా కాదు, ఉన్న మాట చెప్పినట్టు.

మూడు గంటలప్పుడు గొర్రెలు తలలు విప్పుకుని మేతకు కదిలాయి. నాగప్ప వాటి వెంట పోయాడు. గంగమ్మ బోరు దగ్గర నీళ్ళు తేవడానికి పోతూ, సుక్క ఈనినా దగ్గరికి పోవద్దని, చూస్తూ కూర్చోమని నాకు చెప్పింది. నేను తలూపాను. ఆమె అటు పోయిందో లేదో సుక్క పడుకుంది, లేచింది, మళ్ళీ పడుకుంది. కాసేపటికి పిల్ల నేల మీద జారిపడింది. జిగురుతో తడిసి, ఎర్రమట్టి అంటుకుని, ముక్కు మీద పొర కప్పుకుని వణుకుతోంది. సుక్క ఇంకా అటు తిరగలేదు. ఈగలు వాలుతున్నాయి. నా ప్రాణం ఆగలేదు. చేతులు కట్టుకుని కూర్చోవడం నాకు పుట్టుకతో రాదు. కౌంటర్ అవతల ఎవరి బిడ్డ ఏడ్చినా లేచి నిలబడేదాన్ని. ఉరికి పోయి పిల్లను ఎత్తుకుని, సీసాలోని నీళ్ళతో తువ్వాలు తడిపి, చంటిబిడ్డను తుడిచినట్టు తల నుంచి తోక దాకా శుభ్రంగా తుడిచేశాను. మళ్ళీ పొడి కొంగుతో ఒత్తాను. చూస్తే ఆడపిల్ల. నాకు ఎంత సంతోషమైందో. తీసుకుపోయి సుక్క ముందు పెట్టాను.

సుక్క ముక్కు చాపి వాసన చూసింది. ఒక్కసారి తుమ్మింది. వెనక్కి జరిగి, తల వంచి, ఆ పిల్లను పొడిచి పడేసింది.

తర్వాత అది చేసిన పని నేను ఎప్పటికీ మరిచిపోను. పిల్ల పడిన చోటికి పోయి, అక్కడి తడి మట్టిని నాకడం మొదలుపెట్టింది. నాకుతూ తలెత్తి అరుస్తోంది, చుట్టూ చూస్తోంది, మళ్ళీ నాకుతోంది. పిల్ల వెనక నుంచి లేచి తూలుతూ వచ్చి సన్నగా అరిచింది. సుక్క దాన్ని దాటుకుని పోయి తన పిల్ల కోసం వెతికింది.

గంగమ్మ బిందె దించి వచ్చేసరికి నేను పిల్లను ఎత్తుకుని ఏడుస్తున్నాను. ఆమె ఏమీ అడగకుండా పిల్ల తలను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. నా చేతులు పట్టుకుని వాటినీ వాసన చూసింది. తిడితే బాగుండేది. తిట్టలేదు.

"గొర్రె దూరాన ఉంటే గొంతుతో గుర్తుపడతాది. దగ్గరికి వచ్చినాక వాసన చూసే నమ్మతాది. ఈ ఒక్క పూటే అక్కా, ఆ వాసన పట్టుకునేది. దాని ఉమ్మనీళ్ళంతా నువ్వు తుడిచేసి నీ మందు వాసన పూసినావు," అంది. పిల్లను నా చేతుల్లోంచి తీసుకుని సుక్క వైపు పోయింది.

ఆమె చేసిన పనులు నేను దూరం నుంచి చూశాను. తడి మట్టిని దోసిలిలో తీసి పిల్ల ఒంటికి పూసింది. మాయ పడ్డాక దాన్ని కూడా రుద్దింది. సుక్క ఆశగా దగ్గరికి వచ్చి పిల్ల వెనక భాగం నాకింది. ఎంత నాకిందంటే నేను దేవుడికి దండం పెట్టుకున్నాను. నాకుతూ మెడ దాకా వచ్చి, తల దగ్గర తుమ్మి, మళ్ళీ పొడిచింది. మందు వాసన అక్కడ గట్టిగా పట్టింది కాబోలు. చివరికి నాగప్ప సుక్కను కదలకుండా పట్టుకుంటే గంగమ్మ పిల్ల నోటిని పొదుగుకు అందించింది. మొదటి జున్నుపాలు అట్లా తాగింది. వదిలిపెట్టగానే సుక్క తన్నింది.

పాలసీసా పట్టి పెంచకూడదా అని నాగప్పను మెల్లగా అడిగాను. బతుకుతుంది కానీ మందది కాకుండా పోతుందని చెప్పాడు. సీసా పిల్ల మనిషి వెంటే తిరుగుతుంది, వాకిలి ముందు నిలబడుతుంది, మేతకు పొమ్మంటే పోదు. ఎండలో తల దూర్చడానికి కూడా ఏ గొర్రె పొట్ట కిందికీ పోదు. గొర్రెలూ దాన్ని రానివ్వవు. పెద్దదైనా దానికి పిల్లను పెంచడం రాదని కొందరంటారు. అది విన్నాక సంగటి ముద్ద సగం పక్కన పెట్టేశాను. అందులోకి పెట్టిన ఊరిబిండి పచ్చడి ఎంత బాగుందో తర్వాత గుర్తొచ్చింది, అప్పుడు రుచి తెలియలేదు. వాళ్ళింటి ముందు నులకమంచం మీద పడుకున్నాను. కలలో నేను కౌంటర్లో కూర్చుని ఉన్నాను, గొర్రెలు వరసగా వచ్చి కన్నంలోంచి నా చేతుల్ని వాసన చూసి వెళ్ళిపోతున్నాయి.

తెల్లవారుజామున ఐదున్నరకు గంగమ్మ నన్ను లేపింది. పిల్ల తలను కుంకుడు రసంతో రెండుసార్లు కడిగిందట, సుక్క పాలే పిండి తల నిండా పూసిందట. ఇంక ఒకటే మిగిలింది అంది. వాళ్ళమ్మ చేసేదట, ఆమెకు వాళ్ళమ్మ చెప్పిందట. రాళ్ళు పేర్చిన చిన్న దొడ్డిలో సుక్కను, పిల్లను వదిలారు. పిల్ల ఒక మూల, తల్లి ఒక మూల. నాగప్ప పక్క వీధి నుంచి ఒక పసుపురంగు కుక్కను తాడు కట్టి తీసుకొచ్చాడు. సొంత మంద కుక్క అయితే పనికిరాదట, దానికి గొర్రెలు భయపడవు. ముఖం తెలియని కుక్కే కావాలి. దొడ్డి లోపలే, ఎగబడినా వాటిని అందుకోలేనంత దూరంలో గుంజకు కట్టారు. మేం ముగ్గురం గోడ వెనక కూర్చున్నాం. గంగమ్మ నా రెండు చేతులూ పట్టుకుని నా ఒళ్ళోనే పెట్టింది.

కుక్క మొరగలేదు. ఊరికే కూర్చుని నాలుక చాపి చూస్తోంది. సుక్క బిగుసుకుపోయి ముంగాలితో నేలను టపటపా కొట్టింది. పిల్లకు భయమంటే ఏమిటో ఇంకా తెలియదు. ఆకలికి ఏది కదిలితే అది తల్లేమో అనుకుని, తూలుతూ కుక్క వైపే నడవసాగింది. కుక్క లేచి నిలబడింది. తాడు బిగిసింది.

సుక్క ఒక్క దూకులో మధ్యకు వచ్చింది. తల వంచి కుక్కకు ఎదురు నిలబడి, పిల్లను తన వెనక్కాళ్ళతో వెనక్కి నెట్టుకుంది. కుక్క అటు కదిలితే అటు, ఇటు కదిలితే ఇటు తిరుగుతోంది, పిల్లను ఎప్పుడూ తన పొట్ట కిందే ఉంచుకుని. ఆ తిరుగుడులో పిల్లకు పొదుగు దొరికింది. తన్నడానికి సుక్కకు తీరిక లేదు, కళ్ళు కుక్క మీద ఉన్నాయి. పిల్ల తోక చిన్నగా ఆడసాగింది. తూర్పున గుట్ట వెనక నుంచి లేత వెలుగు వచ్చి ఆ మూడింటి మీదా పడింది. ఆ కాసేపు లోకంలో ఇంకే పనీ లేనట్టుంది.

కానీ ఇది అప్పుడే నమ్మకూడదని గంగమ్మ చెప్పింది. కుక్క ఉన్నంతసేపు ఎవరైనా కాపాడతారు. మధ్యాహ్నం దాకా ఉంచి, తర్వాత కుక్కను తీసేస్తే అప్పుడు తేలుతుంది. తీసేశాక కూడా పొడిస్తే ఇంక సీసా పిల్లే. నా బస్సు తొమ్మిదింటికి. ఆగుతానంటే, "ఉండొద్దులే అక్కా. నువ్వుంటే దాని ముక్కుకు ఇంకో వాసన," అంది. ఆ మాట నాకు గుచ్చుకున్నా అందులో అబద్ధం లేదు. ఊరి పేరు రాయవద్దని మాట తీసుకుందీ ఇందుకే. పిల్లను చివరిసారి దగ్గర నుంచి చూడనైనా లేదు. నా వాసన సుక్కకు తగలకుండా గాలి పోయే పక్క నుంచి చుట్టూ తిరిగి దారిలోకి వచ్చాను. గంగమ్మ గోడ మీది నుంచే, మళ్ళీ వస్తే ఆ డబ్బా ఇంట్లో పెట్టి రమ్మని చెప్పింది.

పదకొండుకు రావలసిన రైలు కదిరికి పదకొండుంబావుకి వచ్చింది. నేను పోయిన దారే కానీ ఎండలో అంతా వేరుగా కనిపించింది. చేలల్లో మందలు మళ్ళీ తలలు దూర్చి నిలబడుతున్నాయి. ఈ ప్రయాణం చేయదలచిన వాళ్ళకు నేను చెప్పగలిగింది ఇది. గొర్రెకు బుద్ధి లేదని మనం ఊరికే అనుకుంటాం. దాని బుద్ధి ముక్కులో ఉంది, మనకు బుద్ధి లేని చోటు అదే. మనం చదవలేని ఉత్తరాలు ఈ ఎర్రనేల నిండా పడి ఉన్నాయి, గొర్రెలు వాటిని రోజంతా తలవంచి చదువుకుంటూ తిరుగుతున్నాయి. నేను మంచి చేస్తున్నాననుకుని ఒక ఉత్తరం తడిగుడ్డతో తుడిచేశాను. పోయి చూడండి, తప్పకుండా చూడండి. ముట్టుకోకండి.

ముదిగుబ్బలో ఒక ముసలమ్మ ఎక్కి నా పక్కన కూర్చుంది. రైలు కదిలాక పావుగంటకు ఫోన్ మోగింది. గంగమ్మ. కుక్కను తీసేసి అరగంట అయిందట. అంతకు మించి ఏమీ చెప్పకుండా, "ఇది విను," అంది.

మొదట గాలి చప్పుడే. రెండో చెవి మూసుకున్నాను. అప్పుడు వినిపించింది. గొర్రె అరుపు కాదది. గొంతు లోపలే ఎక్కడో, నోరు విప్పకుండా, నిద్రపుచ్చుతున్నట్టు ఒక మెల్లని గురగుర. ఆగుతోంది, మళ్ళీ వస్తోంది.

"నోరు మూసుకోని పిలుస్తాండాది అక్కా," అంది గంగమ్మ. ఆమె గొంతు కూడా అంత మెల్లగానే ఉంది. "బిడ్డను తప్ప లోకంలో యెవురినీ అట్ల పిలవదు."

ఫోన్ పెట్టేశాక కళ్ళు తుడుచుకుంటుంటే ముసలమ్మ నా మోకాలి మీద చేయి వేసి, యెవురికేమైందని అడిగింది. ఎవరికీ ఏమీ కాలేదని, ఒక గొర్రె ఈనిందని, తల్లి పిల్లను చేర్చుకుందని చెప్పాను. ఆమె నవ్వుతుందేమో అనుకున్నాను.

"ఆడదా, పొట్టేలా?" అంది.

"ఆడది."

"యెవురిది గొర్రె?"

"ఒక ఆడమనిషిది. ఆమె సొంతం."

"మొగునిది కాదు కదా?"

"కాదు. ఆమెదే."

ముసలమ్మ కిటికీ బయటి చేల వైపు ఒకసారి చూసింది. తర్వాత కొంగు ముడి విప్పి, చిన్న బెల్లం గడ్డ తీసి, విరిచి పెద్ద ముక్క నా చేతిలో పెట్టింది.

"తిను," అంది. "ఇట్లాంటి మాట ఇన్నప్పుడు నోరు తీపి చేసుకోవల్ల."